కొత్తగా కుందేళ్లు తెచ్చుకున్న ఇంటికి: ముందు గడ్డి, తర్వాతే క్యారెట్

విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాటు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, పోయిన వారం షాపు నుంచి తెచ్చిన రెండు తెల్ల కుందేలు పిల్లలు. క్యారెట్, క్యాబేజీ, నానబెట్టిన శనగలు పెడుతున్నామన్నారు. ఒకదానికి పెంటికలు మెత్తగా వస్తున్నాయి, ఎత్తుకోబోతే తన్ని రక్కుతోంది. తెల్లవారుజామున అది తన మలమే తినడం చూసి మీ అత్తగారు, ఈ దరిద్రం మనకెందుకు, వెనక్కి ఇచ్చేయమంటున్నారు. షాపతను రెండూ ఆడవే అన్నాడని, మీ తమ్ముడు ఊరి నుంచి ఇంకో చెవులపిల్లిని పట్టి తెస్తానంటున్నాడని కూడా రాశారు. వేసవి ఎలా గడుస్తుందోనని టెన్షన్ పడుతున్నారు. ఆ టెన్షన్ అవసరమే. మిగతావన్నీ సర్దుకునేవే.

ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం, లేకపోతే మిగతా సలహాలతో పని ఉండదు. కుందేలు గడ్డి తిని బతికే జంతువే కానీ ఆవులా నెమరు వేయదు. దాని పేగుల్లో ఒక పెద్ద సంచి ఉంటుంది, గడ్డిలోని పీచు అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అలా తయారైన మాంసకృత్తులు, బి విటమిన్లు ఒంటికి పట్టాలంటే ఆ పదార్థం మళ్లీ ఒకసారి కడుపులోకి వెళ్లాలి. అందుకే కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. పగలు మీకు కనిపించే గుండ్రటి, గట్టి, వాసన లేని పెంటికలు అసలైన మలం. రెండోది నల్లగా నిగనిగలాడుతూ, చిన్న ఉండలు ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. కాస్త వాసన కూడా వస్తుంది. దాన్ని కింద పడనివ్వకుండా వంగి నేరుగా నోట్లోకే తీసుకుంటుంది. ఇది రోగమూ కాదు, చెడ్డ అలవాటూ కాదు. ఆ పని ఆపితేనే కుందేలు చిక్కిపోతుంది. అది ఆవు నెమరు వేయడం లాంటిదేనని అత్తగారికి చెప్పి చూడండి, ఇంట్లో పాడి చూసిన వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

మీరు మెత్తగా వస్తున్నాయన్నది ఏ రకమో చూడండి. గట్టి పెంటికలు మామూలుగానే పడుతూ, వాటితోపాటు ఆ నల్లటి జిగురు ముద్దలు తినకుండా వదిలేసి, వెనకభాగానికి అంటించుకుంటోందంటే తిండి ఎక్కువైందని లెక్క. శనగలు, క్యారెట్లు మానేసి గడ్డి పెంచితే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అలా కాక అసలు గట్టి పెంటికలే లేకుండా నీళ్లలా పోతుంటే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెండు నెలలు కూడా నిండని పిల్లలకు నీళ్ల విరేచనాలు ఒక్క రోజులో ప్రాణం తీస్తాయి. మన దగ్గర షాపుల్లో అమ్మే పిల్లల్లో చాలావాటికి నెల కూడా సరిగ్గా నిండదు, నిజానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. తల్లి పాలు మానీ మానకుండానే క్యాబేజీ మీద పడితే ఆ పేగులు తట్టుకోలేవు.

ఇక తిండి. కుందేలు అనగానే క్యారెట్ అనే మాట ఎవరు అలవాటు చేశారో గానీ, క్యారెట్ దుంప దానికి మిఠాయి కిందే లెక్క. వారానికి రెండు మూడుసార్లు, బొటనవేలి గోరంత ముక్క చాలు. క్యారెట్ ఆకు మాత్రం మంచిది, రైతుబజారులో ఆకుతో ఉన్న కట్టలు దొరికితే ఆకు కుందేలుకు, దుంప కూరలోకి. రోజూ తినేదాంట్లో ముప్పావు వంతు పైగా గడ్డే ఉండాలి, అదీ ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండాలి. దీనికి కారణాలు రెండు. ఒకటి, దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లు వారానికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. దవడ పళ్లు సరిగ్గా అరక్కపోతే కొక్కేల్లా పెరిగి నాలుకను, బుగ్గను కోస్తాయి. రెండు, పీచు లేకపోతే పేగులు కదలడం ఆగిపోతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపల ఆగిందంటే ఆగినట్టే, గ్యాసు పట్టి ప్రాణం మీదకు వస్తుంది.

గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఆన్‌లైన్లో టిమోతీ గడ్డి ప్యాకెట్లు వస్తాయి, బాగుంటుంది, ఖరీదెక్కువ. మన పద్ధతిలో పోవాలంటే గరిక ఉంది. వినాయకచవితికి పత్రిలో తెచ్చుకునే గరికే. కుందేళ్లు దాన్ని ఎంతో ఇష్టంగా తింటాయి. అయితే రోడ్డు పక్కది కోయొద్దు. కుక్కలు పాడుచేస్తాయి, వాహనాల పొగ పడుతుంది, కొన్నిచోట్ల కలుపుమందు కొడతారు. పాడి గేదెలున్న వాళ్ల దగ్గర సూపర్ నేపియర్ లాంటి పచ్చగడ్డి ఉంటుంది. పాలు పోసే అతన్ని అడిగితే వారానికి రెండు కట్టలు తెచ్చిపెడతాడు. కాడ ముదరకముందే కోసింది అడగండి. నీడలో పల్చగా పరిచి, రోజుకోసారి తిరగేస్తూ ఎండబెట్టి, గోనెసంచిలో గాలి ఆడేలా నిల్వ చేసుకుంటే వానాకాలానికి పనికొస్తుంది. ముక్కిపోయిన వాసన వచ్చినా, బూజు కనిపించినా పారేయాలి, దులిపి పెట్టడం పనికిరాదు. పచ్చగడ్డి కోసి కుప్పగా వదిలేస్తే వేడెక్కి పులుస్తుంది, అది కూడా వద్దు. లేత జొన్న వేయకండి, అందులో సైనైడ్ విషం ఉంటుంది. పశువులు దాన్ని మేసి పడిపోవడం రైతులకు తెలిసిన సంగతే. వరిగడ్డి మన జిల్లాల్లో బోలెడు దొరుకుతుంది కానీ పోషణ తక్కువ. కింద పరుపుగా వేయడానికి బాగుంటుంది, అసలు తిండిగా మాత్రం సరిపోదు.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, తులసి, ముల్లంగి ఆకు హాయిగా పెట్టొచ్చు. మెంతికూర కొంచెం. పాలకూర, తోటకూర రోజూ వద్దు, ఎప్పుడైనా రెండు ఆకులు. క్యాబేజీ, కాలీఫ్లవర్ గ్యాసు చేస్తాయి, చిన్న కుందేలు పిల్లలకు అసలే వద్దు. ఏ ఆకైనా కొత్తగా పెట్టేటప్పుడు ఒక్కటే పెట్టి, మర్నాడు పెంటికలు చూసి, ఆ తర్వాత ఇంకోటి. ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప, చాక్లెట్ విషంతో సమానం. అన్నం, బ్రెడ్, బిస్కెట్, నానబెట్టిన శనగలు, కోళ్ల దాణా కూడా పెట్టకూడదు, అవన్నీ పిండిపదార్థాలు. పిల్లలు ప్రేమ కొద్దీ తమ బిస్కెట్లో సగం పెడుతుంటారు, ఆ ఒక్కదానికి మాత్రం ఇంట్లో గట్టిగా నిబంధన పెట్టండి. బాల్కనీలో మనీ ప్లాంట్ కుండీ ఉంటే పైకి ఎత్తి కట్టండి. కింద వాకిట్లో గన్నేరు ఉంటే అక్కడ వదలొద్దు, రెండూ విషమే.

కుందేళ్ల కోసమే తయారుచేసిన గుళికల దాణా దొరికితే పెట్టొచ్చు, పెద్దయ్యాక కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటనివ్వకండి. గింజలు, రంగురంగుల ముక్కలు కలిపిన ప్యాకెట్లు కొనకండి. అందులో తీపివి ఏరుకుని మిగతావి వదిలేస్తాయి. నీళ్లు సీసాలో కంటే బరువైన మట్టి మూకుడులో పెడితే ఎక్కువ తాగుతాయి. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగడం మామూలు. ఎండాకాలంలో మూకుడు ఖాళీ అయి ఉండటం అన్నది జరగకూడదు.

మూత్రం గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఏదో ఒక రోజు భయపడతారు. కొన్నిసార్లు ఎర్రగా, నారింజరంగుగా వస్తుంది. తిన్న ఆకుల రంగు వల్ల అలా అవుతుంది, రెండ్రోజుల్లో పోతుంది. తెల్లగా సున్నపు నీళ్లలా కనిపించడం కూడా సహజం, ఒంట్లో ఎక్కువైన కాల్షియం అలా పోతుంది. ముక్కుతూ చుక్క చుక్కగా పోస్తున్నా, ఎరుపు తగ్గకపోయినా, రక్తం చారలుగా కనిపించినా డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు మీ షాపతని మాట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు అందరూ ఇలాగే చెబుతారు, రెండూ ఆడవేనని. ఆ వయసులో ఆడ, మగ తేడా చెప్పడం అలవాటున్న వాళ్లకే కష్టం. రెండు, రెండున్నర నెలలకు డాక్టరుతో చూపించుకోండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగు నెలలు దాటితే ఈడుకొస్తాయి. ఆడ కుందేలుకు ఆవుకు, కుక్కకు వచ్చినట్టు ఎద కోసం కాచుకునే పని లేదు, మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుంది. కలిసిన 30, 32 రోజులకు ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు మామూలు. ఏడాదిలో మీ ఫ్లాటు ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఒకటి మగదైతే తేలిన రోజు నుంచే వేరువేరుగా ఉంచి, మగదానికి ఆపరేషన్ చేయించండి. ఆపరేషన్ తర్వాత కూడా ఒక నెల, నెలన్నర పాటు కలవనివ్వకూడదు, ఆ కాలంలో ఇంకా చూలు చేయగలదు. రెండూ మగవైతే ఈడు వచ్చాక కొట్టుకుంటాయి, అదీ రక్తం వచ్చేలా. రెండూ ఆడవైనా ఆపరేషన్ మంచిదే. వయసు పైబడిన ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ.

ఈలోపే పిల్లలు పుడితే ఒక్క విషయం గుర్తుంచుకోండి. తల్లి గూడు దగ్గర కూర్చోదు. రోజుకు ఒకసారో రెండుసార్లో, కొద్ది నిమిషాలే పాలిచ్చి దూరంగా వెళ్లిపోతుంది. వదిలేసిందనుకుని ఆవుపాలు తాగించి పిల్లల్ని చంపుకున్న ఇళ్లు నేను చూశాను. పొద్దున్నే పిల్లల పొట్టలు గుండ్రంగా, ఒళ్లు వెచ్చగా ఉంటే తల్లి వచ్చి వెళ్లిందని అర్థం.

తమ్ముడికి మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. పొలాల్లో తిరిగే చెవులపిల్లి వేరే జాతి. పెంపుడు కుందేలు పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. చెవులపిల్లి పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. ఇంట్లో పెట్టుకుంటే బెదిరి చస్తాయి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరం.

ఎత్తుకోవడం. కుందేలు అందరికీ ఆహారమైన జంతువు. పైనుంచి ఏదో వచ్చి పట్టుకుని లేపిందంటే దాని బుర్రకు గద్ద అనే తోస్తుంది. అందుకే తన్నుతుంది. ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండరం గట్టిది. అది గాలిలో విదిలించుకున్నప్పుడు వెన్ను విరిగే ప్రమాదం నిజంగా ఉంది. చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో చూసిందే, అలా అసలు చేయకూడదు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, పిల్లలు నిద్రపోయిందని మురిసిపోతారు. అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవడం.

పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టండి. కాళ్లు చాపుకుని, పుస్తకమో ఏదో పట్టుకుని, ఒళ్లో రెండు కొత్తిమీర రెబ్బలు. కుందేలు మొదట దూరంగా మెడ సాచి, వెనక కాళ్లు అక్కడే ఉంచి, ముందు భాగం మాత్రం సాగదీసి వాసన చూస్తుంది. చెయ్యి కదిలితే ఒక్క గెంతులో వెనక్కి. కదలకపోతే ఇంకొంచెం దగ్గరికి. రెండు మూడు సాయంత్రాలకు ఒళ్లోకి వచ్చి రెబ్బ లాక్కుంటుంది. అప్పుడు నుదుటి మీద, రెండు చెవుల మధ్య మెల్లగా నిమరాలి, గడ్డం కింద కాదు. తల కిందకు వాల్చి, పళ్లు మెల్లగా టకటకలాడిస్తే సంతోషంగా ఉన్నట్టు. ఒక మూల ముడుచుకుని, పళ్లు గట్టిగా కొరుకుతుంటే నొప్పి. తప్పనిసరై ఎత్తాల్సి వస్తే పెద్దవాళ్లే, ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది పిర్రల కింద పెట్టి, ఒంటికి ఆనించుకుని ఎత్తాలి. మీవి ఎర్రకళ్ల తెల్లవైతే తల అటూ ఇటూ ఊపుతుంటే కంగారుపడకండి. వాటికి చూపు కొంచెం మందం, దూరం అంచనా వేసుకోవడానికి అలా చేస్తాయి. ఇవి మన దగ్గర ఎక్కువగా న్యూజిలాండ్ వైట్ రకం. షాపులో మరుగుజ్జు జాతి అన్నా సరే, పెరిగితే నాలుగు కిలోలు దాటొచ్చు. ఇప్పుడు కొన్న ఇనుప పంజరం అప్పటికి సరిపోదు.

పంజరం అంటే గుర్తొచ్చింది, కింద తీగల జల్లెడ ఉంటే దాని మీద పాత గోనెపట్టా గానీ చాప గానీ వేయండి. కుందేలు అరికాలికి కుక్కకు ఉన్నట్టు మెత్త ఉండదు, బొచ్చే ఉంటుంది. తీగల మీద నిలబడితే పుండ్లు పడతాయి. రాత్రికి పంజరం, పొద్దున సాయంత్రం కనీసం మూడు నాలుగు గంటలు గదిలో తిరగనివ్వండి. ఛార్జర్ వైర్లు, ఫ్రిజ్ వైరు పైకి కట్టేయండి, కొరకడం ఖాయం. ఒకే మూలలో మూత్రం పోస్తుంది. ఆ మూలలో ట్రే పెట్టి, కింద న్యూస్ పేపరు, పైన గడ్డి వేస్తే అక్కడే తింటూ అక్కడే కూర్చుంటుంది. బాల్కనీలో ఒంటరిగా వదలొద్దు. గ్రిల్ సందులోంచి దూరుతుంది, పిల్లి వస్తుంది, కాకులు కూడా చిన్న కుందేలు పిల్లల్ని పొడుస్తాయి. స్నానం చేయించొద్దు. అది తనను తాను శుభ్రం చేసుకుంటుంది, తడిస్తే బెదిరి, చలిపట్టి మంచాన పడుతుంది.

వేసవి. కుందేలుకు చెమట పట్టదు, కుక్కలా రొప్పి కూడా చల్లబడలేదు. ఒంటి వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, విజయవాడలో మేలో 42, 43 మామూలు. హైదరాబాదులో ఉన్న వాళ్లు కూలర్ పెట్టుకోమంటారు. పొడి వేడికి అది పనిచేస్తుంది. మనకు ఉక్కపోత ఎక్కువ కాబట్టి నీళ్ల కూలర్ గదిని ఇంకా జిడ్డుగా చేస్తుంది. మిట్టమధ్యాహ్నం వాటిని ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, ఏసీ ఉంటే ఆ గదిలో, గాలి నేరుగా తగలకుండా ఉంచండి. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి, పల్చటి గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. పాత నాపరాయి ముక్క గానీ టైల్ గానీ ఒకటి వేయండి. అన్నిటికంటే చవకైనది మట్టికుండ. మూతి పెద్దదైన కుండను అడ్డంగా పడుకోబెట్టి, రాళ్లతో కదలకుండా చేసి, బయటివైపు గంటకోసారి నీళ్లు చల్లుతుంటే లోపల చల్లగా ఉంటుంది. దాక్కోవడానికి చోటూ దొరుకుతుంది. కరెంటు పోయినప్పుడు కుండే దిక్కు.

చెవులు ఎర్రబడి కాలుతూ, ముక్కు చుట్టూ తడిగా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే వడదెబ్బ. మామూలు చల్లటి నీళ్లతో చెవులు తడిపి, ఫ్యాను గాలిలో పెట్టి వెంటనే బయలుదేరండి. ఐసు నీళ్లు పోయకండి, బకెట్లో ముంచకండి.

డాక్టరు విషయం ఇప్పుడే, ఏ జబ్బూ లేనప్పుడే చూసుకోండి. కుక్కలు, పిల్లులు చూసే అందరికీ కుందేళ్ల అలవాటు ఉండదు. మీకు దగ్గరలో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, హైదరాబాదు వాళ్లకు రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్లకు తిరుపతి. ప్రైవేటు క్లినిక్ అయితే ఒక్క ప్రశ్న అడగండి: ఆపరేషన్‌కు ముందు రాత్రి పస్తు ఉంచాలా? ఉంచాలంటే ఆయనకు కుందేళ్లు కొత్త. వాంతి రాని జంతువు కాబట్టి ఆ అవసరం లేదు, పైగా పస్తు పెడితే పేగులు ఆగిపోతాయి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు నోట్లో పోయకండి, అది పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి కుందేల్నే చంపుతుంది. కుక్కలకు గోమార్ల మీద పోసే ఫిప్రోనిల్ మందు కూడా కుందేలుకు ప్రమాదం. ముక్కు మీద, చెవి అంచున, గోళ్ల చుట్టూ తెల్లటి పొక్కులు కడితే గజ్జి. ఇది చాలా మామూలు, డాక్టరిచ్చే ఇంజెక్షన్లతో తగ్గిపోతుంది, రెండిటికీ కలిపి వేయించాలి. ఎవరైనా పాత ఇంజనాయిల్ రాయమంటే వినకండి, అది నాకి మింగేస్తుంది.

రోజూ మీరు చేయాల్సిన పని ఒక్కటే ఉంది, పెద్దమ్మాయికి అప్పగించినా బాగా చేస్తుంది. పొద్దున్నే ట్రే చూడాలి. పెంటికలు నిన్నటంత పరిమాణంలో, నిన్నటన్ని ఉన్నాయా, గడ్డి తగ్గిందా. కుందేలు నొప్పిని దాచుకుంటుంది, అరవదు, మూలగదు. ట్రే మాత్రం చెప్పేస్తుంది. పెంటికలు చిన్నవై, ఎండిపోయి, వెంట్రుకలతో దండలా గుచ్చుకుని వస్తుంటే గడ్డి, నీళ్లు పెంచాలి. పది, పన్నెండు గంటలుగా ఏమీ తినలేదు, ట్రే ఖాళీగా ఉందంటే రేపు చూద్దాం అనుకోకండి. అర్ధరాత్రైనా సరే డాక్టరుకు ఫోన్ చేయండి. దీపావళి మర్నాడు ఇలాంటి కేసులు ఎక్కువ, టపాసుల మోతకు బెదిరి తిండి మానేస్తాయి. ఆ రెండు రాత్రులు లోపలి గదిలో, కిటికీలు మూసి, ఫ్యాను వేసి ఉంచండి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు బస్సులో వెంట తీసుకెళ్లకుండా, పక్కింటి వాళ్లకు తాళం ఇచ్చి పొద్దున, రాత్రి వచ్చి చూసేలా అడగండి. గడ్డి ఎక్కడుందో, డాక్టరు నంబరేంటో ఒక కాగితం మీద రాసి పంజరానికి అంటించండి. ఆ కాగితం మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో బిస్కెట్లు పెట్టొద్దని రాయండి.